వైద్యుని మాట: పంపుకు చలికాలం

పల్లెపట్టున ఇళ్ళు కొనుక్కుని, పెరటి తోటకు సోలార్ పంపు పెట్టుకున్న సభ్యులకు ఈ నెల నాలుగు మాటలు. మన ఊళ్ళో ఎండ తగ్గితే పంపు నెమ్మదిస్తుంది, అంతే. ఐర్లండులో డిసెంబరు పగలు ఏడున్నర గంటలే. పంపు ఆగుతుంది, గొట్టాల్లో నీళ్ళు నిలిచిపోతాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి, ఇనుమునైనా పగలగొడుతుంది. 2010 క్రిస్మసు నాడు మేయో కౌంటీలోని స్ట్రేడ్‌లో మైనస్ 17.5 డిగ్రీలు నమోదైంది.

కనుక గడ్డకట్టే చలి రాకముందే పలకల నుంచి వచ్చే కరెంటు ఆపి, నేలపైనున్న గొట్టాల్లో చుక్క మిగలకుండా నీరు వదిలెయ్యండి. పంపు గట్టు మీదుంటే విప్పి ఇంట్లో పెట్టండి.

ఒక్క పని మాత్రం చెయ్యవద్దు. కారు రేడియేటరులో పోసే యాంటీఫ్రీజు పంపులో పోయవద్దు, దాని సీసా పెరట్లో వదలవద్దు. చాలా రకాల్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పిల్లలు షర్బత్ అనుకుంటారు. తాగితే మొదట మత్తుగా తూలుతారు, తరువాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. అనుమానం వస్తే లక్షణాల కోసం కాచుకోక, 112కు ఫోన్ చేసి, సీసా వెంటబెట్టుకుని బిడ్డను ఆస్పత్రికి చేర్చండి. విరుగుడు ఉంది, వేళకు అందాలి.