పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన

అనంతగిరి అనగానే ఆఫీసులో అందరూ వికారాబాద్ కొండలనుకుంటారు. కాదు బాసూ, మాది సూర్యాపేట జిల్లా, కోదాడ పక్కన. వరి పండే ఊరు, ఇంట్లో బియ్యం బస్తాకి లోటుండదు. నా కథ మొదలైంది ఆ బస్తా దగ్గరే.

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ప్రతి కాల్‌కీ ముందు గుప్పెడు బియ్యం నోట్లో పోసుకోవడం అలవాటైంది. నములుతూ మ్యూట్‌లో కూర్చునేదాన్ని. "పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుద్దే!" అని అమ్మ తిట్టేది. తిడుతూనే, బియ్యం ఏరేటప్పుడు తనూ నాలుగు గింజలు నోట్లో వేసుకునేది.

తర్వాత మేడ మెట్లెక్కితే గుండె దడ. దువ్వెన నిండా జుట్టు. డెడ్‌లైన్ల వల్లే అనుకున్నా. చివరికి కోదాడలో డాక్టరమ్మ దగ్గరికెళ్తే, "బియ్యం, బలపాలు, మట్టి, ఐసుముక్కలు... ఏమైనా తింటావా?" అని అడిగారు. సిగ్గేసింది. దానికి 'పైకా' అని పేరుందట, ఐరన్ తగ్గినవాళ్లలో కనిపించే లక్షణమట. రిపోర్టులో హిమోగ్లోబిన్ 9.2. ఆడవాళ్లకి 12, గర్భిణులకి 11 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఫెర్రిటిన్ అయితే 6. పదిహేను కన్నా తక్కువంటేనే నిల్వలు అయిపోయినట్టు.

"పోయినేడాది హిమోగ్లోబిన్ నార్మలే వచ్చింది కదా మేడమ్?" అన్నాను. ఫెర్రిటిన్ గాదె లాంటిది, హిమోగ్లోబిన్ వంటింట్లో డబ్బా. గాదె ఖాళీ అవుతున్నా కొన్నాళ్లు డబ్బా నిండుగానే కనిపిస్తుంది. నేను డబ్బా మూత తీసి చూసి ఊరుకున్నానన్నమాట.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరిదీ ఐరన్ లోపమే కాదు గానీ, పెద్ద కారణం అదే. స్కూళ్లలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర అందుకే. మా చెల్లి బ్యాచ్ వాటిని గోడ అవతలికి విసిరేసేదట!

నేను మాత్ర విసిరెయ్యలేదు, అంతకంటే తెలివైన పని చేశా. రోజూ పొద్దున టీతో మింగా. నెలకి హిమోగ్లోబిన్ కదల్లేదు. కోడ్ కరెక్టే, ఎన్విరాన్‌మెంట్ తప్పు. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర... ఇవన్నీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసం, జామకాయ అయితే సాయం చేస్తాయి. కడుపులో తిప్పుతోందంటే డాక్టరమ్మ రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒక డోసు పడ్డాక ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, మర్నాడు ఐరన్ సరిగా లోపలికి పోనివ్వదట. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, మాత్ర వల్లే. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా గాదె నిండాలి కాబట్టి ఇంకో మూడు నెలలు వాడాలి. ఇక బీట్‌రూట్ ఎరుపుకీ ఐరన్‌కీ సంబంధం లేదు, జ్యూస్ కొట్టు అన్న ఏం చెప్పినా సరే. మేక కార్జం తినేవాళ్లకి అదే మేలు. గర్భిణులైతే మాత్రం అందులో విటమిన్ ఎ ఎక్కువ కాబట్టి డాక్టర్ని అడగాల్సిందే.

ఒకరోజు డాక్టరమ్మ చెప్తుంటే అమ్మ చేతిలోని నాలుగు గింజలు గుర్తొచ్చాయి. బతిమాలి తనకీ టెస్టు చేయించా. 7.6.

మూడేళ్లుగా నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందట. "ఈ వయసులో మామూలేలే" అనుకుందట. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. స్కానింగ్‌లో గర్భాశయంలో గడ్డలు కనిపించాయి. కుండకి చిల్లుంటే ఎన్ని నీళ్లు పోసినా ఏం లాభం? ముందు దానికి వైద్యం మొదలైంది, ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. మగవాళ్లకి ఐరన్ తగ్గినా ఇంతే. అల్సరో, మొలలో, ఎక్కడ రక్తం పోతోందో వెతకాలి.

మొన్న కొత్త బస్తా విప్పాం. అమ్మ చేట ముందేసుకుని ఏరుతోంది. చెయ్యి నోటి దాకా వెళ్లలేదు.

"ఏంటమ్మా, తినట్లేదు?"

"ఏమోనే, తినబుద్ధి కావట్లా" అంది, రాయి ఏరి పారేస్తూ.