చదవలేని పత్రంపై సంతకమా?

భాషాహక్కు అనగానే మనకు బడి, పాఠ్యపుస్తకం గుర్తుకు వస్తాయి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం గుర్తుకు రాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తరతరాలుగా నేలను నమ్ముకొని బతుకుతున్న మన కుటుంబాలకు భాష లేని లోటు గట్టిగా తగిలేది అక్కడేనని నా అభిప్రాయం.

మా ఇంటి పెట్టెలో తాతల నాటి క్రయపత్రాలు తెలుగులో ఉన్నాయి. నేటి పట్టా, విల్లంగ పత్రం తమిళంలో ఉన్నాయి. పెద్దలకు కొత్తవి చదవరాదు. 2006 నాటి చట్టంతో తమిళం నిర్బంధమైన బడుల్లో చదివిన పిల్లల్లో చాలామందికి పాతవి చదవరావు. హక్కు ఎవరి నుండి ఎవరికి సంక్రమించిందో మొదటినుండి చివరిదాకా చదవగలవారు ఇంట్లో ఒక్కరూ లేనప్పుడు దళారి మాటే సాక్ష్యమవుతుంది.

పట్టా రెవెన్యూ లెక్క మాత్రమే. దానితోనే యాజమాన్యం సిద్ధించదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. కనీసం 30 ఏళ్లకు విల్లంగ పత్రం తీయించాలి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకం అందులోనూ కనబడవు. అమ్మేవారు నకళ్లే చూపితే అసలు పత్రాలు ఎక్కడ తాకట్టులో ఉన్నాయో విచారించాలి. పిత్రార్జితమైతే ఆడపడుచుల సంతకాలు అడగాలి; 2005 సవరణ కుమార్తెలకు కుమారులతో సమానమైన వాటా ఇచ్చింది. సర్వే నంబరును, నాలుగు హద్దులను నేలమీద కొలిపించి పత్రంతో సరిచూడాలి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ గమనించదగినది. అధికారికి తెలియని, జిల్లాలో సామాన్యంగా వాడుకలో లేని భాషలో పత్రముంటే, జిల్లా వాడుక భాషలోకి యథార్థ అనువాదం, నకలు జతపరచనిదే రిజిస్టరు చేయరాదంటుంది. అంటే ఆ సెక్షన్ చూసేది జిల్లా వాడుకను. అధికారికి అర్థం కావాలని అనువాదం కోరిన చట్టం, సంతకం పెట్టే రైతుకు అర్థం కావాలని ఎందుకు కోరరాదు?

తమిళం నేర్వవద్దని నేననడం లేదు. నేర్వనివాడు ఈ నేలపై మరింత నష్టపోతాడు. కానీ తాలూకాలో 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు వెలువరించడం భాషా అల్పసంఖ్యాకులకు ఒప్పుకొన్న రక్షణలలో ఒకటి. క్రయపత్రంతోపాటు తెలుగు సారాంశం ఇవ్వాలని మనం అడగడం అందుకు పొడిగింపే.

అది దక్కేదాకా మన జాగ్రత్త మనదే. అమ్మేవారి మనిషితో కాక, మనవారెవరైనా పత్రమంతా తెలుగులో చదివి వినిపించిన తరువాతే సంతకం చేద్దాం. పెట్టెలోని పాత పత్రాలను పెద్దలున్నప్పుడే పిల్లల చేత తమిళంలో రాయించి ఉంచుదాం.