గేమ్ ఓపెన్ అయితే బ్యాకప్ బాగున్నట్టేనా?

బీటెక్ సెకండియర్‌లో నేనొక తెలివైన పని చేశాననుకున్నా. మా బాబాయ్ దుబాయ్ నుంచి తెచ్చిన ప్లేస్టేషన్ 1 డిస్కులన్నీ లాప్‌టాప్‌లో పెట్టి, ఒక్కోదాన్నీ ఐఎస్ఓ ఫైల్‌గా సేవ్ చేసుకున్నా. ఎమ్యులేటర్‌లో ఓపెన్ చేస్తే మెనూ వచ్చింది. చాలనుకున్నా. తర్వాత ఇల్లు మారేటప్పుడు ఆ డిస్కుల్ని పాత సామాన్లవాడికి వేసేయమని అమ్మతో చెప్పింది కూడా నేనే.

పోయిన దసరాకి బాబాయ్ వస్తే రిడ్జ్ రేసర్ పెట్టా. కార్లు పరిగెడుతున్నాయి, టైర్లు కీచుమంటున్నాయి. మ్యూజిక్ మాత్రం లేదు. "సౌండ్ పెంచరా" అన్నాడు బాబాయ్. పెంచినా లేదు.

ఆ గేమ్ మ్యూజిక్ డిస్క్ మీద మామూలు పాటల సీడీలో లాగా విడి ఆడియో ట్రాకులుగా ఉంటుంది. గేమ్ మెమరీలోకి లోడయ్యాక డిస్క్ తీసి మీ పాటల సీడీ పెట్టినా రేస్ ఆ పాటలతోనే నడుస్తుంది. ఐఎస్ఓలోకి డేటా ట్రాక్ ఒక్కటే వస్తుంది, పాటలు రావు. ఆ డేటా కూడా పూర్తిగా రాదు. సీడీ మీద ఒక్కో సెక్టార్ 2352 బైట్లు ఉంటే, ఐఎస్ఓ అందులో 2048 మాత్రమే ఉంచుకుంటుంది. అందుకే పీఎస్1 సీడీలకి బిన్, క్యూ ఫైల్స్ తీయాలి. ఇంతకాలం నేను జాగ్రత్తగా దాచుకున్నది గేమ్‌లో ఓ ముక్క.

నా కోపం నా మీదే అనుకోండి. కానీ ఈ తప్పు చాలామంది చేస్తున్నారు. రెట్రో హ్యాండ్‌హెల్డ్ రివ్యూల్లో "వేల గేమ్స్ ప్రీలోడెడ్" అని ప్లస్ పాయింట్లలో రాస్తారు. నేనైతే మైనస్‌లో వేస్తా. ఆ కార్డులో ఫైల్స్ ఎవరు తీశారో, ఏం కోసేశారో మనకేం తెలుసు? డ్రీమ్‌కాస్ట్ డిస్క్ దాదాపు 1 జీబీ. దాన్ని 700 ఎంబీ సీడీలో ఇరికించడానికి పైరేట్లు అప్పట్లో వీడియో క్వాలిటీ తగ్గించారు, కొన్నిట్లో పాటలే పీకేశారు. ఆ గేమ్స్ కూడా ఓపెన్ అవుతాయి!

మరి సరైన కాపీ అని తెలిసేదెలా? హ్యాష్ చూడాలి. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ఎస్‌హెచ్ఏ-1 నంబర్ మొత్తం మారిపోతుంది. విండోస్‌లో 7-జిప్ ఉంటే రైట్ క్లిక్‌లోనే వచ్చేస్తుంది. రీడంప్ అనే వాలంటీర్ ప్రాజెక్ట్ ఒక్కో డిస్క్‌కి, ట్రాక్ ట్రాక్‌కి ఈ నంబర్లు రాసిపెట్టింది. గేమ్స్ ఇవ్వదు, నంబర్లే ఇస్తుంది. ఒకరు తీసిన కాపీకి, ఇంకెవరో వేరే డిస్క్ నుంచి తీసిన కాపీ బిట్ బిట్‌కీ కలిస్తే అప్పుడు దాన్ని నమ్మొచ్చు. నాకు నచ్చింది ఇదే. "నా దగ్గర ఆడింది" అనే మాటకి అక్కడ విలువ లేదు.

కొంచెం ఓపిక కావాలి, నిజమే. ఒక్కో డ్రైవ్ ఆడియోని కొన్ని శాంపిళ్లు ముందో వెనకో చదువుతుంది. ఆ తేడా సరిచేయకపోతే పాట చెవికి ఒకేలా ఉన్నా నంబర్ కలవదు. మన ఊళ్లలో చిప్ వేసిన పీఎస్2తో పాటు అమ్మిన రైట్ చేసిన డీవీడీలు కలవకపోయినా ఆశ్చర్యపోకండి, అవి అసలు డిస్కులే కావు. స్పేస్ కావాలంటే సీహెచ్‌డీలోకి మార్చుకోండి, డేటా ఏమీ పోదు. కానీ మార్చే ముందే హ్యాష్ చూసుకోండి.

"పాత గేమ్స్ కదా, ఎక్కడో దొరుకుతాయిలే" అని మా రూమ్మేట్ అంటాడు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. మిగిలింది జనం ఇళ్లలో అటకల మీదున్న డిస్కులే. మీ ఇంట్లో ఉంటే హ్యాష్ కలిసేదాకా, కలిసిన తర్వాత కూడా, పారేయకండి.

బాబాయ్ దగ్గర ఇంకో డిస్క్ మిగిలి ఉంటే మొన్న తెప్పించుకున్నా. 12 ట్రాకుల్లో 11 కలిశాయి. చివరిది గీతల వల్ల కలవట్లేదు. టూత్‌పేస్ట్ రుద్దమని బాబాయ్ రోజూ ఫోన్ చేసి చెప్తున్నాడు. నేను మాత్రం ముందు ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూస్తా.