వెనక బెంచీ పిల్లల కోసం



కథ చెప్పమంటే పొల్లుపోకుండా చెప్పే మూడో తరగతి పిల్లాడు, అదే కథ చదవమంటే నీళ్లు నములుతాడు. నోటుబుక్కు తెరిస్తే ‘ప’ రాయాల్సిన చోట ‘వ’. వత్తులు ఎగిరిపోయి ‘అమ్మ’ కాస్తా ‘అమ’. ఇంట్లో సోమరి అంటారు, బళ్లో మొద్దు అంటారు. చూపూ వినికిడీ బాగానే ఉన్నాయని తేలినా, డిస్లెక్సియా ఉందేమో చూపించాలని ఎవరికీ తట్టదు.

డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి బడులకూ వస్తున్నాయి. కానీ పుచ్చుపన్ను నోరు తెరిస్తే కనిపిస్తుంది, చదవలేని ఇబ్బంది ఆ కాసేపట్లో ఎక్కడ బయటపడుతుంది? ఏడాదంతా చూసే టీచరు, గడప గడపా తెలిసిన ఆశా కార్యకర్త నోరు విప్పితేనే డాక్టరుకు దారి దొరుకుతుంది. ఈ సంచికలో వాళ్ల మాటకే పెద్దపీట వేశాం. నిపుణులు కాస్త నొచ్చుకున్నా సరే!

ఒక్క సంగతి మాత్రం మమ్మల్ని తొలుస్తూనే ఉంది. పరీక్షల కోసం జిల్లా కేంద్రానికి రాసి పంపిన పిల్లల తల్లుల్లో, కూలి మానుకుని వెళ్లగలిగిన వాళ్లెందరు? మీ మండలంలో సంగతేమిటో రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.

— సంపాదకవర్గం