రాత్రివేళ నర్సు ఎవరు?

సుగ్గికి, అనగా పంట కోతల కాలపు పనికి, గుంటూరు మిరప చేలకు వలసపోయి, వచ్చిన కూలిడబ్బును కొంగున ముడివైచుకొని తిరిగివచ్చు కర్నూలు జిల్లా ఆలూరు పల్లెల కుటుంబములు, ఇంట పురిటి నొప్పులు మొదలైనంతనే ఆదోనికో, ఎమ్మిగనూరుకో, ఎల్ల దాటి బళ్లారికో పరుగిడుట మన మెరిగినదే. అచ్చట యూనిఫారము తొడిగిన ప్రతివారును నర్సే యని వారు నమ్ముదురు.

మన రాష్ట్రమున చిన్న నర్సింగు హోములు పెక్కింట ఆ నమ్మకము నిలువదు. డాక్టరుగారు ఇంటికి వెళ్లిన పిమ్మట, పదవ తరగతి చదివి, పక్కవారిని చూచి పని నేర్చిన బాలికయే నరము వెదకి సూది గ్రుచ్చును. నొప్పులు పెంచు ఆక్సిటోసిన్ కలిపిన సెలైను చుక్కలను ఆమెయే సవరించును. ఆ చుక్కల వేగము మితిమీరెనా, గర్భాశయము విడువక బిగుసుకొని శిశువునకు ప్రాణవాయువు తగ్గును. ఒక్కొక్కప్పుడు గర్భాశయమే చీలును. ఈ ప్రమాదమును పసిగట్టుటకే గదా నర్సింగు కోర్సులైన ఏ.ఎన్.ఎం.కు రెండేండ్లు, జి.ఎన్.ఎం.కు మూడేండ్లు శిక్షణ!

నర్సుల శిక్షణ, నమోదులకై చట్టమును, ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకై మన రాష్ట్రము 2002లో చేసిన చట్టమును ఉన్నవి. కొరవడినది అమలు. ఆ బాలికను నిందించుట నాకు సమ్మతము కాదు. అర్హులకు జీతమీయ నొల్లక ఆమెను పురిటి మంచము చెంత నిలిపిన యజమానిదే నేరము. శిక్షయు అతనికే పడవలెను.

జిల్లా వైద్యాధికారులారా, తనిఖీలు రాత్రివేళ జరుపుడు. విధిలో నున్న నర్సుల పేర్లు, రిజిస్ట్రేషను సంఖ్యలు ప్రతి నర్సింగు హోము గోడపై తెలుగున వ్రాయింపుడు.