నొప్పి మరిపించే హెడ్‌సెట్, తాకడానికి వెనకాడే చేయి

కాలిన పుండుకు కట్టు మార్చేటప్పుడు పిల్లలు నరకం చూస్తారు. ఆ బాధ నుంచి ధ్యాస మళ్లించడానికి అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1996లోనే 'స్నోవరల్డ్' పని మొదలుపెట్టారు. వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టుకుంటే మంచు లోయలో ఆట; మనసు ఆటలో పడితే నొప్పి తక్కువగా తెలుస్తుంది. అయితే పిల్లలపై జరిగిన 17 ప్రయోగాలను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష, ఆధారాలు ఇంకా బలహీనమేనని తేల్చింది.

వరంగల్‌లో ఎంజీఎం ఉత్తర తెలంగాణ పేదలకు పెద్దదిక్కు. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. అంతస్తుల లెక్క సరే, సూది చూసి వణికే బిడ్డను ఎవరు, ఎలా పట్టుకుంటారన్నది కూడా మనం అడగాలి.

ఇది కులం ప్రశ్న కూడా. గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లలతో మాట్లాడి సంఘమిత్ర ఆచార్య 2010లో వెలువరించిన అధ్యయనం, వైద్య సిబ్బంది వాళ్లను తాకడానికి వెనకాడడాన్ని నమోదు చేసింది. అలాంటి చేతికి హెడ్‌సెట్ మంచి సాకు: బిడ్డ కళ్లు కప్పి, ఒక్క మాటైనా మాట్లాడకుండా పని కానిచ్చేయొచ్చు.

హెడ్‌సెట్ వద్దని కాదు. కార్పొరేట్ ఆసుపత్రిలో ఉంటే ప్రభుత్వ వార్డులోనూ ఉండాలి. దానికంటే ముందు సూది నొప్పి తెలియనివ్వని పూతమందు, పక్కన అమ్మ, పేరుపెట్టి పిలిచే నర్సు ఉండాలి. వీటికి కోట్లు అక్కర్లేదు. విద్యార్థి, దళిత సంఘాలు ఆసుపత్రి అధికారుల ముందు మొదట పెట్టాల్సిన డిమాండ్ ఇదే.