డప్పు కింద పేరేది?

పట్నంలో మన కళల మీద మోజు పెరిగింది. డప్పు, చిందు కిరీటం, డక్కలోళ్ల పటం, కిన్నెర. ఒకప్పుడు ఊరి బయటే ఉండాలన్న వస్తువులన్నీ ఇప్పుడు అద్దాల పెట్టెల్లో దీపాల కింద కూచున్నాయి. సంతోషమే. కానీ వాటి కింద అంటించిన చీటీ చదవండి. ‘జానపద వాద్యం, తెలంగాణ’ అని ఉంటుంది చాలాచోట్ల. కొట్టినోడి పేరుండదు. తోలు ఊరబెట్టినోడి పేరుండదు. ఏ ఊరు, ఏ వాడ, ఎంతిచ్చి కొన్నారు, అసలు కొన్నారా లేక ఊరికే పట్టుకొచ్చారా, ఏమీ ఉండదు. రవివర్మ బొమ్మకు రవివర్మ పేరుంటుంది. మన వస్తువులన్నిటికీ మాత్రం ‘జానపదుడు’ ఒక్కడే తండ్రి!

మనిషిని వెలివేసి వాడి వస్తువును ముద్దుచేయడాన్ని అగ్రకుల మేధావులు కళాపోషణ అంటున్నారు. మేం దోపిడీ అంటున్నాం. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలే రాశాయి. కిన్నెరకు దండేశారు సరే, కిన్నెర పట్టిన చేతికి ఏం దొరికింది?

అందుకే ఏప్రిల్ 14కు వాడవాడలో మన ప్రదర్శన మనమే పెట్టుకోవాలంటున్నాం. కమ్యూనిటీ హాలుంటే హాలు, లేకుంటే బడి వరండా, అదీ ఇవ్వకుంటే వేపచెట్టు కింద పరదా. జాగా పెద్ద సమస్య కాదు. పట్నపోళ్లు చేసిన పనే మన సంఘాలూ చేస్తేనే సమస్య.

ముందు అడగడం నేర్వాలి. ముసలవ్వ ఇంట్లో అటక మీదున్న ఆరె, రంపె, గూటం తెచ్చి బల్ల మీద పెట్టేముందు ఆమెనడగాలి. సంఘం నాయకుడు నలుగుర్ని వెంటేసుకుపోయి గుమ్మంలో నిలబడితే కాదనలేక ఇస్తుంది. అది ఇష్టం కాదు, మొహమాటం. ఎందుకు, ఎన్ని రోజులు, ఎవరెవరు చూస్తారు, ఫోటోలు తీస్తారా (ఫోన్లో తీసింది తెల్లారేసరికి పదూళ్లు తిరుగుతుంది) అన్నీ చెప్పాలి. వద్దంటే సరేనని లేచి రావాలి.

ఇక డప్పు. మేకు కొట్టి గోడకు తగిలిస్తే అది మూగది. గడ్డిమంట మీద కాగాలి, సిర్రా సిటికెన పుల్లా పట్టినోడు పక్కనుండాలి. లందలో సున్నం, తంగేడు చెక్క ఏం పని చేస్తాయో ఆ పని తెలిసిన పెద్దమనిషే చెప్పాలి. వాసనొస్తే రానీయండి. పట్నం ప్రదర్శనలో కడిగేసింది ఆ వాసననే. ఇంకో మాట. ఈ డప్పును సావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించుకున్నారు. కొట్టమన్నందుకు వెలికి గురైన వాడలున్నాయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరాకు గొంతయిందీ ఆ డప్పే. చీటీ మీద రెండూ రాయాలి. వెట్టి రాయకుండా వైభవం రాస్తే అది పెత్తందారుకే చుట్టం. మాలపల్లెలో నేసిన ముతకబట్టకూ, ఆగిపోయిన మగ్గానికీ ఇదే లెక్క.

జాంబపురాణం పటం దగ్గర మనకే పరీక్ష ఉంది. పటం రాసింది నకాషీ చెయ్యి, కథ చెప్పేది డక్కలి నోరు, వినేది మాదిగవాడ. మూడు పేర్లూ ఉండాలి. డక్కలోళ్లను మాదిగవాడ కూడా ఇంట్లోకి రానీయలేదు, బయటే ఉంచింది. వాళ్ల పటాన్ని హాల్లో పెట్టి వాళ్లను బయట నిలబెడితే మనువుకు మన చేత్తో గుడి కట్టినట్టే. పటం విప్పాల్సింది వాళ్లే. మధ్యాహ్నం అన్నం ఒకే బంతిలో తినాలి. ఇది నచ్చని వాడలు ప్రదర్శన పెట్టకపోయినా మాకేం అభ్యంతరం లేదు.

శవాల ఫోటోలు పెద్దవి చేసి కట్టడం మన సభలకు అలవాటైంది. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది. వాళ్లకు భార్యలున్నారు, పిల్లలున్నారు. గోనెసంచిలో కుక్కిన తండ్రిని మైకుమోతల మధ్య మళ్లీ చూడమని ఏ కొడుకునైనా ఎట్లా బలవంతపెడతాం? ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే కట్టండి. లేదంటే బతికున్నప్పటి ఫోటో అడగండి, ఏం పని చేసేవాడో రాయండి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ రెండు తీర్పుల పత్రికా వార్తలు పక్కపక్కన అంటించండి, చాలు. అత్యాచారానికి గురైన ఆడమనిషి పేరు గానీ గుర్తు గానీ బయటపెట్టడం చట్టప్రకారమే నేరం. చట్టం లేకున్నా పెట్టగూడదు.

ఖర్చుకు ఇంటికి పదో ఇరవయ్యో వేసుకోండి. దొర చందా తీసుకుంటే మొదటి ఫ్లెక్సీ మీద ఆయన మొహమే ఉంటుంది, వెట్టి అన్న మాట చీటీలోంచి లేచిపోతుంది. రిబ్బను కత్తిరించను ఎమ్మెల్యే వద్దు. ఆ రంపె ఎవరిదో ఆ అవ్వే కత్తిరిస్తుంది, అదే రంపెతో. కథ చెప్పినోళ్లకు, డప్పు కొట్టినోళ్లకు శాలువాలు కప్పి పంపొద్దు, రోజుకూలికి తక్కువ కాకుండా డబ్బివ్వండి.

వస్తువు తీసుకున్న రోజే నోటుబుక్కులో ఎక్కించాలి: ఎవరిది, ఏ స్థితిలో ఉంది, ఎప్పుడిస్తాం. సంతకమో వేలిముద్రో రెండువైపులా ఉండాలి. కొనడానికొచ్చే పట్నపోళ్లతో బేరం సంఘం ఆడగూడదు, వస్తువు గలోళ్లే ఆడాలి. 15వ తేదీ చీకటిపడేలోపు ఎవరి సామాను వాళ్లిల్లు చేరాలి. నోటుబుక్కు మాత్రం వాడలోనే, అడిగినోళ్లందరికీ అందేచోట ఉండాలి.